సుఖం వేరు, సంతోషం వేరు

(ప్లాటినం జూబ్లీ సభలో ప్రధానోపాధ్యాయిని చేసిన ప్రసంగ పాఠం)

 

75 సంవత్సరాలు నిండిన ఈ పాఠశాల చరిత్రను పెద్దలు ఎంతో చక్కగా వివరించారు. అసలు పాఠశాల దేనికోసం అన్న విషయమై నేను నాలుగు మాటలు మనవి చేస్తాను.

కొన్నేళ్ళ క్రితం ఒక తల్లి తన కుమారుని ఒకటవ తరగతిలో చేర్పించడానికి వచ్చింది. దరఖాస్తు కాగితం చేతిలో పట్టుకొని, "తెలుగులో చదివితే నా బిడ్డ సుఖంగా బ్రతుకుతాడా అమ్మా?" అని అడిగింది. పై చదువులను గురించి, ఉద్యోగాలను గురించి చెప్పి పంపాను. ఆమె సమాధానపడింది. నాకే ఆ సమాధానం చాలలేదు. ఆమె అడిగినది బ్రతుకును గురించి. నేను చెప్పినది జీతాన్ని గురించి.

సుఖం, సంతోషం అనే రెండు మాటలనూ మనం ఒకటిగా వాడుతుంటాం. ఎండన పడి వచ్చిన వానికి నీడ సుఖం. అది బయటి నుండి వస్తుంది, నీడతోపాటే పోతుంది. సంతోషం అన్న మాటలో ఉన్నది తుష్టి, అనగా తృప్తి. అది లోపలిది. తైత్తిరీయోపనిషత్తులో ఆనందానికి కొలత వేసిన భాగమొకటి ఉన్నది. సద్గుణవంతుడు, విద్యావంతుడు, బలవంతుడు అయిన యువకునికి భూమి మీది సంపద అంతా లభిస్తే కలిగే ఆనందాన్ని మొదటి కొలతగా తీసుకొని, దానిని నూరేసి రెట్లు పెంచుతూ పోతుంది. ఆపై ప్రతి మెట్టు వద్దా, కోరికల తాకిడికి లోనుకాని విద్వాంసునికి కూడా ఆ ఆనందం ఉన్నదని చెబుతుంది.

అట్లని కోరికలే వద్దని నేను చెప్పను. ఇంట బియ్యం లేని వానికి తృప్తిని బోధించడం న్యాయం కాదు. మామిడి కాపు తప్పిన ఏడు రైతు ఇంట, బేరం లేని నెల బట్టల అంగడిలో డబ్బు విలువ ఎంతటిదో బర్గూరు పిల్లలకు తెలియనిది కాదు. అవసరం తీరిన తరువాత దేనికోసం బ్రతకాలన్నదే ప్రశ్న.

మన జిల్లాలోనే, హోసూరు సమీపాన తొరపల్లిలో 1878లో జన్మించిన రాజాజీ సేలంలో పేరుపొందిన న్యాయవాది. మంచి రాబడి గల ఆ వృత్తిని జాతీయోద్యమం కోసం విడిచిపెట్టారు. 1925లో తిరుచెంగోడు వద్ద పుదుపాళయంలో గాంధీ ఆశ్రమాన్ని స్థాపించి, అక్కడే నివసిస్తూ ఖాదీ కోసం, అస్పృశ్యతా నివారణ కోసం పనిచేశారు. 1937లో మద్రాసు రాష్ట్ర ప్రభుత్వాన్ని నడిపినప్పుడు మద్యనిషేధాన్ని మొదట సేలం జిల్లాలోనే అమలుపరచారు. ఆనాడు మన ప్రాంతం ఆ జిల్లాలోనిదే. ఆయన నిర్ణయాలన్నిటినీ అందరూ అంగీకరించలేదు. అయినా, కూలి డబ్బు ఇంటికి చేరితేనే ఆ ఇంట సంతోషానికి చోటుంటుందన్నది మన తల్లులందరూ ఎరిగిన సత్యం.

అమెరికాలో హార్వర్డు విశ్వవిద్యాలయం 1938లో ఒక పరిశోధన ప్రారంభించింది. విద్యార్థులు, బోస్టను నగరపు పేదవాడల బాలురు కలిపి 724 మంది జీవితాలను వృద్ధాప్యం వరకు పరిశీలించారు. ధనం, కీర్తి కంటె ఆప్తులతోడి చక్కని అనుబంధమే మనిషిని ఆరోగ్యంగా, ఆనందంగా ఉంచుతుందని అందులో తేలింది.

ఈ మాట నాకు పుస్తకం కంటె ముందు ఒక శిష్యుడు నేర్పాడు. పదవ తరగతి తప్పిన ఆ పిల్లవానిని, నీవు దేనికీ పనికిరావని తరగతి అందరి ఎదుట అన్నాను. ఏళ్ళు గడిచాయి. మా అమ్మగారు ఆసుపత్రిలో ఉన్నప్పుడు, ఎవరు చెప్పగా విన్నాడో, బట్టల అంగడి కట్టేసి రాత్రికి వచ్చేవాడు. మూడు రాత్రులు మాకు తోడుగా కూర్చున్నాడు. నాలుగవనాడు ఉండబట్టలేక, "ఆనాడు నేనన్న మాట గుర్తుందా నాయనా?" అని అడిగాను. "గుర్తు లేదమ్మా" అన్నాడు తలవంచుకొని. అతనికి గుర్తుందని నాకు తెలిసింది. మార్కుల పట్టికలో ఆ గుణానికి గడి లేదు. లేకపోవడం అతని తప్పు కాదు, మాది.

ఆ తల్లి నేడు మరల అడిగితే ఇట్లా చెబుతాను: "అమ్మా, ఏ భాషలో చదివినా బ్రతుకుతెరువు దొరకవచ్చు. నీతో మాట్లాడే భాషలో చదివిన బిడ్డ బడిలో విన్నది ఇంటికి తెచ్చి నీకు చెబుతాడు. అవ్వ చెప్పిన కథను బడికి తెస్తాడు. ఇంటికీ బడికీ నడుమ గోడ లేవదు. పెద్దవాడయ్యాక తన కష్టం నీతో చెప్పుకోవడానికి అతనికి మాట కరువు కాదు."

బిడ్డలారా! వీధిలోని తమిళం, పొరుగింటి కన్నడం, ఉర్దూ, పై చదువుల ఆంగ్లం అన్నీ నేర్వండి. ఎంత దూరమేగినా ఇంటికి జాబు వ్రాయండి, ఫోనైనా చేయండి. తోటివాడు తప్పినప్పుడు నవ్వకండి. మీరు సుఖంగా ఉండాలని మీ తల్లిదండ్రులు శ్రమిస్తున్నారు. మీరు సంతోషంగా ఉండాలని, మీ వలన మరొకరు సంతోషించాలని మేము కోరుతున్నాము.

సెలవు.