పదమూడు నెలల పాట

గాయకుడు బాలసుబ్రహ్మణ్యం గారి స్మరణలో నాందేడ్ తెలుగువారి ముందు మాట్లాడటం నాకు దక్కిన గౌరవం. గాయకులే సారథులై టీవీ కార్యక్రమాలు నడిపిన చరిత్ర చెప్పమన్నారు. అందులో నన్ను ఎక్కువగా కలవరపెట్టేది అర్ధాంతరంగా ఆగిన ఒక కార్యక్రమం. దానితోనే మొదలుపెడతాను.

1956 నవంబరు 1న ఈ నాందేడ్ జిల్లా హైదరాబాద్ రాష్ట్రం నుంచి బొంబాయి రాష్ట్రంలోకి వెళ్లింది. ముథోల్, భైంసా, కుభీర్, బిచ్కుంద, జుక్కల్ ప్రాంతాలను విడదీసి ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. మీ పెద్దలకు అది బంధువుల ఊళ్లు వేరే రాష్ట్రమైపోయిన వారం. అదే వారంలో, నవంబరు 5న, అమెరికాలో ఎన్‌బీసీ టీవీ సంస్థ నేను చెప్పబోయే ‘నాట్ కింగ్ కోల్ షో’ను ప్రారంభించింది.

కోల్ నల్లజాతి గాయకుడు. పియానో ముందు కూర్చుంటే వేళ్లు, గొంతు రెండూ ఆయన మాట వినేవి. రికార్డులు లక్షల్లో అమ్ముడుపోయేవి, కొన్నది ఎక్కువగా తెల్లవారే. అయినా ఆ ఏడాది ఏప్రిల్‌లోనే, తన సొంత రాష్ట్రమైన అలబామాలో, బర్మింగ్‌హామ్ నగరంలో పాడుతుండగా దుండగులు వేదికెక్కి ఆయన్ను కిందపడేశారు. అలాంటి రోజుల్లో ఒక నల్లజాతి మనిషి వారం వారం ఇంటి యజమానిలా అతిథులను ఆహ్వానిస్తూ దేశమంతటికీ కనిపించడం ఎంత పెద్ద విషయమో ఆలోచించండి!

మొదట పదిహేను నిమిషాలే. 1957 వేసవిలో అరగంట అయింది. నెల్సన్ రిడిల్ వాద్యబృందం వెనక ఉండేది. ఎల్లా ఫిట్జెరాల్డ్, హ్యారీ బెలఫాంటే వంటివారు వచ్చి పాడారు. కోల్ మీది అభిమానంతో పెద్ద పెద్ద కళాకారులు తమ వృత్తి సంఘం నిర్ణయించిన కనీస పారితోషికానికే ఒప్పుకున్నారు. వినేవాళ్లున్నారు, పాడేవాళ్లున్నారు. డబ్బు పెట్టేవాళ్లే లేరు. దక్షిణాది కొనుగోలుదారులు తమ సరుకును వెలివేస్తారన్న భయంతో, దేశవ్యాప్తంగా వ్యాపారం చేసే ఒక్క కంపెనీ కూడా స్పాన్సర్‌గా రాలేదు. ఎన్‌బీసీ సొంత ఖర్చుతో నెట్టుకొచ్చి, చివరికి తక్కువమంది చూసే సమయానికి మారుస్తానంది. కోల్ ఒప్పుకోలేదు. 1957 డిసెంబరు 17న చివరి ప్రసారం. మరుసటి ఏడాది ‘ఎబొనీ’ పత్రికలో రాస్తూ ఆయన ఎన్‌బీసీని తప్పుపట్టలేదు. ప్రకటనల ఏజెన్సీలకు ధైర్యం లేదన్నాడు. ఆ మాట అక్షరాలా నిజమని నేను నమ్ముతాను. నలభై అయిదేళ్లకే, 1965లో, కన్నుమూశాడు.

ఇక మన కథ. తెలుగు ఛానెల్ ఈటీవీ 1995 ఆగస్టులో మొదలైంది. మరుసటి ఏడాది బాలసుబ్రహ్మణ్యం, అంటే మన బాలు గారి సారథ్యంలో ‘పాడుతా తీయగా’ పాటల పోటీ వచ్చింది. ఉపగ్రహ ప్రసారానికి రాష్ట్ర సరిహద్దు గీత అడ్డు కాదు. హైదరాబాద్‌లో చూసిందే అదే వేళకు నాందేడ్‌లోనూ చూడొచ్చు. ‘ఏక్ దూజే కే లియే’తో, ‘మైనే ప్యార్ కియా’తో ఆ గొంతు మీ మరాఠీ ఇరుగుపొరుగుకీ పరిచయమే.

ఆయన ఆ వేదికను తన గొంతు చూపించుకోవడానికి వాడుకోలేదు. పాటకు ముందు రచయిత పేరు, స్వరకర్త పేరు, మొదట పాడినవారి పేరు చెప్పించేవారు. పాటయ్యాక ఒక్కో సంగతి తానే పాడి చూపేవారు. ఒత్తు జారినా, ‘శ’ ‘స’గా మారినా వదిలేవారు కాదు, పిల్లల మనసు నొచ్చుకోకుండానే దిద్దేవారు. బడిలో తెలుగు దొరకని మీ పిల్లలకు అదెంత పనికొచ్చిందో నాకన్నా మీకే బాగా తెలుసు. అక్కడ పాడిన ఉష, గోపికా పూర్ణిమ, మల్లికార్జున్ సినిమా గాయకులయ్యారు.

బాలు గారికి ఒక ఛానెల్ అండగా నిలబడింది. కోల్‌కు ఛానెల్ నిలబడ్డా బజారు నిలబడలేదు. ప్రతిభ తక్కువై ఆయన షో ఆగిపోలేదు. 2020 సెప్టెంబరు 25న బాలు గారు మనకు దూరమయ్యాక కూడా ‘పాడుతా తీయగా’ ఆగలేదు. ఆ బాధ్యతను కుమారుడు చరణ్ అందుకున్నారు.