కలక్‌ను ఎవరు చంపాలి? కల్పిత లోకాల్లో కొత్తదనం, నాటకీయత


ఇది మాస్టారి స్మారకోపన్యాసం. మాస్టారి పాండిత్యం గురించి నాకంటే బాగా తెలిసినవాళ్ళు ముందు వరుసలోనే ఉన్నారు. నాకు గుర్తున్నది ఆయన నాటకం చూసే తీరు. అంకానికీ అంకానికీ మధ్య పక్కనున్నవాడి భుజం తట్టి, "ఇప్పుడు నువ్వైతే ఏం చేస్తావోయ్?" అని అడిగేవారు. జవాబు చెప్పేదాకా వదిలేవారు కాదు. ప్రేక్షకుణ్ణి ఆ ప్రశ్న నిజంగానే అడిగే కళ ఒకటుంది. నా పని దాని మీదే, నా తగాదా కూడా దాని గురించే.

పాత్రలు ధరించి ఆడే ఆటే ఆ కళ. దాని తెలిసిన చరిత్రను త్వరగా దాటేస్తాను. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' తెచ్చారు. బల్ల చుట్టూ కూర్చున్నవాళ్ళు తలా ఒక పాత్ర తీసుకుంటారు. డంజన్ మాస్టర్ లోకాన్ని నడుపుతాడు. మాటలతో తేలనిది పాచికలు తేలుస్తాయి. ఇలాంటి ఆట సాగే లోకమే క్యాంపెయిన్ సెట్టింగ్. గ్రేహాక్, గ్లోరాంథా, ఫర్‌గాటెన్ రెల్మ్స్ లాంటివి పదుల సంఖ్యలో వచ్చాయి.

ఈ లోకాల గురించి రాసేవాళ్ళు రెండు మాటలు పదేపదే అంటారు. ఎక్కడా చూడని జీవులు, వినని భాషలు ఉంటే కొత్తదనమట. రచయిత మంచి కథ అల్లితే నాటకీయతట. రెండూ తప్పంటాను. ఏ నిర్ణయాన్ని ఆటగాళ్ళ చేతికి వదిలిందో చూసే ఒక లోకపు కొత్తదనాన్ని కొలవాలి. నాటకీయత పుట్టేదీ అక్కడే.

మొదటి మాటకు అందరూ చూపించే ఉదాహరణ ఎం.ఎ.ఆర్. బార్కర్. మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో దక్షిణాసియా అధ్యయనాల ఆచార్యుడు, ఉర్దూ పాఠ్యగ్రంథాలు రాసిన భాషావేత్త. 1975లో 'ఎంపైర్ ఆఫ్ ద పెటల్ థ్రోన్' పేరుతో తన టేకుమెల్ లోకాన్ని అచ్చువేయించాడు. త్సొల్యాని అనే భాషను వ్యాకరణంతో సహా కల్పించాడు. (మారుపేరుతో నాజీ అనుకూల నవల రాసింది ఆయనేనని 2022లో టేకుమెల్ ఫౌండేషనే ఒప్పుకుంది. ఆయన పేరెత్తినప్పుడు ఇది చెప్పకుండా దాటేయడం సరికాదు.) ఆ భాషను మెచ్చుకునేవాళ్ళు ఆటలోని మొదటి ఏర్పాటును గమనించరు. ఆటగాళ్ళు అక్కడి పౌరులు కారు. జకల్లా రేవులో పడవ దిగిన పరదేశులు. హోదా లేదు, మర్యాదలు తెలియవు, ఎవరి పక్కన నిలబడితే ప్రాణం దక్కుతుందో తెలియదు. భాష మొత్తం తీసేసినా ఆ పడవ ఉంటే ఆట నడుస్తుంది. పడవ తీసేస్తే మిగిలేది నిఘంటువు.

రెండో మాటకు మరో లోకాన్ని, డ్రాగన్‌లాన్స్‌ను చూపిస్తారు. 1984లో ట్రేసీ హిక్‌మన్, మార్గరెట్ వైస్ ఈ ఆటకు నాటకీయత నేర్పారని వాదన. వాళ్ళు తెచ్చింది కథ, అదీ మంచి కథే. అయితే ఆ మాడ్యూళ్ళలో (ఆడటానికి సిద్ధం చేసిన కథల పుస్తకాల్లో) పాత్రలు ముందే సిద్ధం. ముఖ్యులెవరైనా చచ్చిపోతే శవం దొరకని విధంగా చావాలని డంజన్ మాస్టర్‌కు సూచన. ఎందుకంటే వాళ్ళు తర్వాతి భాగంలో మళ్ళీ రావాలి. చావు కూడా ఖాయం కాని చోట ఆటగాడి తెగువకు విలువేముంది?

ఇక అసలు తగాదా. 1991లో డార్క్ సన్ వచ్చింది. తిమొతీ బ్రౌన్, ట్రాయ్ డెన్నింగ్ రూపకల్పన, బ్రోమ్ బొమ్మలు. ఆథాస్ అనే ఎడారి లోకం. మంత్రం వేస్తే చుట్టూ ఉన్న పచ్చదనం బూడిదవుతుంది. ఇనుము దొరకడం గగనం. ఏడు నగరాలను మాంత్రిక రాజులు ఏలుతుంటారు. టైర్ నగరపు రాజు కలక్ ఇనుప గనులను ఆపించి, ఉన్న బానిసలందరినీ ఒక జిగ్గురాత్ (మెట్ల పిరమిడ్) కట్టడానికి తోలాడు. జనం లోపల ఉడికిపోతున్నారు. ఇంతకంటే గట్టి నాటకసన్నివేశం నేనీ రంగంలో చూడలేదు.

ఆ ఏడాదే డెన్నింగ్ నవల 'ద వెర్డెంట్ పాసేజ్' వచ్చింది. అందులో కలక్ హతమయ్యాడు. దానికి జతగా 'ఫ్రీడమ్' అనే మాడ్యూల్ తెచ్చారు. ఆటగాళ్ళు బానిసలుగా పట్టుబడి ఆ కట్టడం కిందే ఎండలో రాళ్ళు మోస్తారు. కొరడా దెబ్బలు తింటారు, కుట్రల గుసగుసలు వింటారు. తీరా క్రీడారంగంలో తిరుగుబాటు రోజు వచ్చాక కలక్ మీదికి ఈటె విసిరేది నవలా నాయకుడు రికస్. రాళ్ళు మోసినవాళ్ళు తొక్కిసలాటలో ప్రాణాలు దక్కించుకోవాలి. డార్క్ సన్ 1995 సవరించిన సంపుటి నాటికి నవలలు తమ పని పూర్తిచేశాయి. ఏడుగురు రాజుల్లో ముగ్గురే సింహాసనాల మీద మిగిలారు.

కలక్ చావును నవలకు అప్పగించడాన్ని సమర్థించేవాళ్ళ మొదటి వాదన: ఇష్టం లేకపోతే డంజన్ మాస్టర్ నవలను పక్కన పెట్టొచ్చు కదా. పెట్టొచ్చు. కానీ 'రోడ్ టు యురిక్' మాడ్యూల్ మొదలుకొని తర్వాతి పుస్తకాలు చాలావరకు ఆ చావు మీదే నిలబడ్డాయి. పక్కన పెట్టినవాడు వాటినీ పక్కన పెట్టాలి.

రెండో వాదన గట్టిది. కలక్ చావుతోనే అసలు నాటకం మొదలైందనీ, విముక్తి పొందిన నగరం ఎలా బతకాలన్నదే పెద్ద ప్రశ్న అనీ అంటారు. ఒప్పుకుంటాను. 2010లో వచ్చిన డార్క్ సన్ కూర్పు రూపకర్తలూ అదే అనుకున్నారు. కాలాన్ని వెనక్కి తిప్పి, కలక్ చచ్చిన కొద్దికాలానికే ఆటను మొదలుపెట్టారు. మిగతా నవలల సంఘటనలను రద్దు చేశారు. ఇది నా వాదననే బలపరుస్తోంది. పెద్ద సంఘటనకు రెండే చోట్లున్నాయి. ఆట మొదలవకముందే జరిగిపోవాలి, లేదా ఆటగాళ్ళ చేతిలో జరగాలి. వాళ్ళు చూస్తుండగా ఇంకొకరి చేతిలో జరిగితే అది ఆట కాదు.

2004లో కీత్ బేకర్ ఎబెరాన్ ఈ నియమాన్ని చక్కగా పాటించింది. పదకొండు వేలకు పైగా వచ్చిన ప్రతిపాదనల్లోంచి ఎంపికైన లోకమిది. అందులో ఎల్ఫ్‌లు, డ్వార్ఫ్‌లు, ఆర్క్‌లు అందరూ ఉన్నారు; వింత జీవుల లెక్క చూసేవాళ్ళకు ఇందులో కొత్తదనం కనిపించకపోవచ్చు. ఆ లోకపు 994వ ఏట సైర్ దేశం ఒక్కరోజులో నాశనమైంది. ఆట మొదలయ్యేది 998లో. ఎందుకు నాశనమైందో ఏ పుస్తకమూ చెప్పదు. ఎవరి బల్ల దగ్గర వాళ్ళు తేల్చుకోవాలి. కాలం ముందుకు జరగదు. నవలలకు ఆట మీద అధికారం లేదు.

ఇప్పుడు నేను పల్నాటి కథను ఇలాంటి లోకంగా రాస్తున్నాను. కోడిపందెం, మాచర్లవారి వనవాసం ఆటకు ముందే జరిగిపోయాయి. బ్రహ్మనాయుడు, బాలచంద్రుడు ఎవరి పాత్రలూ కావు. మాచర్ల పక్షాన అలరాజు రాయబారిగా గురజాలకు బయలుదేరుతుంటాడు. ఆటగాళ్ళు అతని వెంట వెళ్ళే లేఖకుడు, అంగరక్షకుడు, పల్లకీ బోయీలు. కారెంపూడిలో ఏటా కార్తీకంలో ఆ వీరులను కొలుస్తున్నారు, వాళ్ళ చావును పాచికలకు ఎలా వదులుతావని మిత్రులు కోప్పడ్డారు. ఆ భక్తిని గౌరవిస్తాను. వీరుల చావును పాచికలకు వదలడం లేదు, అలరాజు ప్రయాణాన్ని వదులుతున్నాను. బోయీకి కథ ముగింపు తెలియదు. అలరాజుకు విషం పెట్టించింది నాగమ్మేనా అన్నది కూడా నేను రాయను. జనం అలా అంటారు, అంతవరకే. గురజాల కోటలో అందుకు కారణం ఉన్నవాళ్ళు మరికొందరిని పెట్టాను.

అలరాజు బతికి తిరిగొస్తే ఏమవుతుందన్న అధ్యాయం సగంలో ఆగింది. అప్పుడు అతని భార్య పేరిందేవి భర్త పక్షాన ఉండాలా, తండ్రి నలగామరాజు ఇంట ఉండాలా? మాచర్లవారిలో యుద్ధం కోరేవాళ్ళు ఏ సాకు వెతుక్కోవాలి? ఈ కథను పాడినవాళ్ళు, పాడగా విన్నవాళ్ళు సభలో ఉన్నారని తెలుసు. ఉపన్యాసం అయ్యాక ఆ సగం అధ్యాయం చదివి వినిపిస్తాను, కాసేపు ఆగండి.