కౌమ్, వతన్: ఒక భాష, పలు జెండాలు



 అధ్యక్షుడు ఎంత తక్కువ మాట్లాడితే సభ అంత బాగా సాగుతుందని నాకు తెలుసు. అయినా ఈ రెండు రోజుల చర్చకు అరబ్బు జాతీయవాదాన్ని ఎంచుకున్నాం గనక, చాలాకాలంగా నన్ను తొలుస్తున్న ఒక్క విషయం మీ ముందుంచి కూర్చుంటాను.

తెలుగు సభలో అరబ్బుల ఊసెందుకని అడిగేవారుంటారు. మనం రోజూ వాడే హక్కు, జవాబు, తారీఖు, వకీలు అరబ్బీ మాటలే. ఫార్సీ, ఉర్దూల మీదుగా మన ఇంటికొచ్చాయి. నిజాం కొలువుకు వచ్చిన హద్రమౌత్ అరబ్బుల వారసులు హైదరాబాదు బార్కస్‌లో ఇప్పటికీ ఉన్నారు. ఇంకో మాట చూడండి. పటేలు, పట్వారీల వంశపారంపర్యపు హక్కును తెలంగాణ పల్లెల్లో వతను అనేవారు. అరబ్బీలో వతన్ అంటే సొంత నేల. దాని పక్కనే కౌమ్ అని మరో మాట ఉంది. అంటే జనం, జాతి. నేలను బట్టి కలిగే అభిమానం వతనియ్య. భాషను, చరిత్రను బట్టి కలిగేది కౌమియ్య. మనం రెంటినీ కలిపి జాతీయవాదం అనేస్తాం. అరబ్బు ఐక్యత కథంతా ఈ రెండు మాటల మధ్య పెనుగులాట అని నా అభిప్రాయం.

ఈ కథ సైనికులతో మొదలుకాలేదు, ఒక నిఘంటుకారుడితో మొదలైంది. 1860లో లెబనాన్ కొండల్లో, దమస్కస్‌లో మతకల్లోలాలు చెలరేగాయి. బీరూట్‌లో బుత్రుస్ అల్ బుస్తానీ అనే క్రైస్తవ పండితుడు కరపత్రాలు అచ్చువేసి పంచాడు. వాటి కింద తన పేరు పెట్టుకోలేదు, వతన్‌ను ప్రేమించేవాడినని మాత్రమే రాసుకున్నాడు. తర్వాత ఆయన బడి పెట్టాడు, 'ముహీత్ అల్ ముహీత్' అనే పెద్ద నిఘంటువు కూర్చాడు. మతం విడదీసిన వాళ్లను భాష కలుపుతుందని ఆయన నమ్మకం.

1913 జూన్‌లో పారిస్‌లో జరిగిన అరబ్బు మహాసభ కూడా స్వాతంత్ర్యం అడగలేదు. ఒట్టోమన్ సామ్రాజ్యంలోనే ఉంటాం, మా రాష్ట్రాల్లో అరబ్బీని అధికార భాష చేయండి, మా పాలనలో మాకు వాటా ఇవ్వండి అని అడిగింది. ఆ తర్వాత మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. బ్రిటిష్ వారు మక్కా షరీఫ్ హుసేన్‌కు ఉత్తరాల్లో ఆశలు కల్పించారు. 1916లో ఆయన ఒట్టోమన్‌ల మీద తిరగబడ్డాడు. అదే ఏడు సైక్స్, పికో అనే ఇద్దరు దొరల ఒప్పందంతో బ్రిటన్, ఫ్రాన్సులు ఆ నేలను గుట్టుగా పంచుకున్నాయి. 1917 నవంబరులో బోల్షివిక్కులు బయటపెడితేగానీ ఆ పంపకం లోకానికి తెలియలేదు. 1920 మార్చిలో దమస్కస్‌లో హుసేన్ కొడుకు ఫైసల్‌ను రాజుగా ప్రకటించారు. జులైలో మైసలూన్ దగ్గర ఫ్రెంచి సేన ఆ రాజ్యాన్ని తుడిచిపెట్టింది.

ఫైసల్ ప్రభుత్వంలో చదువుల మంత్రి సాతీ అల్ హుస్రీ. ఆయన తొలినాటి రచనలన్నీ టర్కీ భాషలోనే. అలాంటి మనిషే తర్వాత ఇరాక్ బడుల్లో భాష, చరిత్ర రెండే జాతికి ఆధారమని పాఠం పెట్టించాడు. 1947లో దమస్కస్‌లో పుట్టిన బాత్ పార్టీ ఆ ఆలోచనను ఎజెండాగా మార్చింది. మరోపక్క, 1945 మార్చి 22న కైరోలో ఏడు దేశాలు అరబ్ లీగ్ పెట్టుకున్నాయి. అయితే ఎవరి సార్వభౌమత్వం వాళ్లదేనని ఒప్పందంలోనే రాసుకున్నాయి. పేరు కౌమ్‌ది, సంతకాలు వతన్‌లవి.

ఇక ఈజిప్టు నేత నాసర్ కాలానికి వద్దాం. 1953లో కైరోలో 'అరబ్బుల గొంతు' రేడియో మొదలైంది. మొరాకో నుంచి ఇరాక్ దాకా కాఫీ దుకాణాల్లో జనం ఆ రేడియో చుట్టూ చేరేవారు. నెలలో మొదటి గురువారం రాత్రి ఉమ్ కుల్సూమ్ పాటకచేరీ వస్తే వీధులు ఖాళీ. 1956లో నాసర్ సూయజ్ కాలువను జాతీయం చేశాడు. బ్రిటన్, ఫ్రాన్స్, ఇజ్రాయెల్ దండెత్తాయి. నవంబరు 1న మనం ఆంధ్రప్రదేశ్ అవతరణ జరుపుకుంటున్న వేళ ఈజిప్టు మీద బాంబులు పడుతున్నాయి. మరునాడు కైరో రేడియో మూగబోయింది. అప్పుడు దమస్కస్ రేడియో లేచి, ఇది కైరో, దమస్కస్ నుంచి మాట్లాడుతోంది అని ప్రకటించింది. ఎవరూ ఆజ్ఞాపించలేదు. నా లెక్కలో అరబ్బు ఐక్యతకు అంతకు మించిన క్షణం లేదు.

ఏడాది తిరిగాక 1958 జనవరిలో కొందరు సిరియా సైనికాధికారులు తమ అధ్యక్షుడికి ముందుగా చెప్పకుండా విమానమెక్కి కైరో వెళ్లి, విలీనం కావాలన్నారు. నాసర్ షరతులు పెట్టాడు: పార్టీలు రద్దు కావాలి, సైన్యం రాజకీయాలు మానాలి. ఫిబ్రవరి 1న ఐక్య అరబ్బు రిపబ్లిక్ ప్రకటించారు. జెండా మీద రెండు నక్షత్రాలు నిలిచాయి. సిరియా పేరు మాత్రం పోయి 'ఉత్తర ప్రాంతం' అయింది. వీధుల్లో సంబరాలు నిజమే. కానీ ఇల్లు అలకగానే పండగ కాదు కదా. నిర్ణయాలు కైరోలో, అమలు దమస్కస్‌లో. ఆపైన వరసగా కరవు. 1961 జులైలో జాతీయీకరణ చట్టాలు వచ్చాక అలెప్పో, దమస్కస్ వర్తకులూ ఎదురు తిరిగారు. సెప్టెంబరు 28న సిరియా సైన్యం తిరుగుబాటు చేసి, నాసర్ ప్రతినిధి ఆమెర్‌ను కైరోకు పంపేసింది. విమానంలో వచ్చిన ఐక్యత విమానంలోనే వెళ్లిపోయింది. ఈజిప్టు మాత్రం 1971 దాకా ఒంటరిగా ఆ ఉమ్మడి పేరునే మోసింది. నాసర్ కన్నుమూసింది కూడా సెప్టెంబరు 28నే, 1970లో.

మిగతా ప్రయత్నాలను పత్రకర్తలు వివరిస్తారు. 1958లో ఇరాక్, జోర్డాన్‌ల సమాఖ్య అయిదు నెలల్లో కూలింది. 1963 ఏప్రిల్‌లో ఈజిప్టు, సిరియా, ఇరాక్‌ల త్రైపాక్షిక ఒప్పందం కాగితం దాటలేదు. 1967 జూన్‌లో ఇజ్రాయెల్ చేతిలో ఓటమి ఆశనే దెబ్బతీసింది. 1990లో ఒక అరబ్బు దేశం మరో అరబ్బు దేశమైన కువాయిట్‌ను మింగబోయింది. పరాయి శక్తులు, చమురు, ఇజ్రాయెల్ ఈ వైఫల్యాలకు కారణం కావని నేననను. కానీ తప్పంతా బయటివాళ్లదే అంటే చరిత్రకారుడికి పనే ఉండదు. నిలిచిన కలయికను చూడండి. 1971 డిసెంబరు 2న ఆరు ఎమిరేట్లు జట్టుకట్టాయి, రెండు నెలలకు ఏడోది చేరింది. ఎవరి పాలకుడు వారికి, ఎవరి చమురు వారికి అని ముందే రాసుకున్నారు. ఆవేశం తక్కువ, లెక్క ఎక్కువ. అందుకే నిలిచింది. అక్కడ ప్రజల ఓటుకు చోటెంత అన్న ప్రశ్న వేరు, దాన్నీ మనం దాటవేయకూడదు.

భాష జాతిని కట్టగలదు. రాజ్యాన్ని కట్టేది మాత్రం పంపకంలో న్యాయం. 1956లో కలిసి 2014లో రెండు రాష్ట్రాలైన మనకు ఈ మాట కొత్త కాదు. మనది ఒక దేశంలోని కథ, వాళ్లది ఎన్నో దేశాల కథ. పోలిక అంతవరకే. రెండు చోట్లా భాష మాత్రం విడిపోలేదు.

చివరిగా విద్యార్థులకు ఒక మనవి. అరబ్బుల గురించి మనకు తెలిసిందంతా ఇంగ్లీషు పుస్తకాల ద్వారా వచ్చిందే. మీలో పదిమందైనా అరబ్బీ నేర్చుకుని మూలాలు చదవండి, తెలుగులో రాయండి. వచ్చే సదస్సులో ఈ కుర్చీలో కూర్చునేవారు నా తప్పులు దిద్దాలి.

సదస్సు ప్రారంభమైనట్టు ప్రకటిస్తున్నాను. సెలవు.