రహదారి భద్రతకు పరిశోధన, పరిశోధనకు ఆసరా

(జూపాడు బంగ్లాలో విద్యార్థులు, తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పరిశోధనా విద్యకు అందవలసిన ధనసహాయాన్ని గురించి మాట్లాడమని నిర్వాహకులు నన్ను కోరారు. ఆ విషయాన్ని మన రహదారులతో కలిపి చెప్పదలచాను. పీహెచ్‌డీకీ రోడ్డు ప్రమాదానికీ సంబంధమేమిటని మీకు అనిపించవచ్చు. ఆ సంబంధాన్ని చూపడమే నా ప్రయత్నం.

2021 ఫిబ్రవరి 14 తెల్లవారుజామున మన పాత కర్నూలు జిల్లాలోనే, వెల్దుర్తి మండలం మాదార్‌పురం సమీపంలో జరిగిన ఘోరం మీకు గుర్తుండే ఉంటుంది. మదనపల్లె నుండి అజ్మీర్ యాత్రకు బయలుదేరిన వాహనం అదుపు తప్పి, డివైడరు దాటి, అవతలి వైపు వస్తున్న లారీని ఢీకొన్నది. పద్నాలుగు మంది మరణించారు. మిగిలింది నలుగురు పిల్లలు. ఆ వారం మన మసీదుల్లో వారికోసం దుఆ చేయని వారు లేరు. అయితే ఆ తరువాత మనం అడగవలసిన ప్రశ్నలు అడిగామా?

నేను ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా పనిచేసిన కాలంలో నష్టపరిహారానికి సంబంధించిన కాగితాలు ఎన్నో నా బల్ల మీదుగా వెళ్ళాయి. ఊరు మారేది, పేరు మారేది, కారణం మాత్రం దాదాపు ఒక్కటే: ‘అతివేగంగా, అజాగ్రత్తగా నడిపినందువల్ల’. తప్పు ఎవరిదో తేల్చడానికి ఆ వాక్యం చాలు. అదే చోట మరొక ప్రమాదం జరగకుండా ఆపడానికి అది చాలదు. డ్రైవరు ఎన్ని గంటలుగా నిద్ర లేకుండా ఉన్నాడు? డివైడరు వాహనాన్ని ఎందుకు ఆపలేకపోయింది? వెనుక కూర్చున్నవారికి సీటు బెల్టులు ఉన్నాయా? గాయపడినవారు ఆసుపత్రికి చేరడానికి ఎంతసేపు పట్టింది? ఫైలు మూసిన తరువాత ఈ ప్రశ్నలను పట్టుకొని కూర్చునేవాడే పరిశోధకుడు.

దీనికొక ఉదాహరణ చెబుతాను. ‘లారెన్స్ ఆఫ్ అరేబియా’గా పేరుపొందిన ఆంగ్లేయ సైనికాధికారి 1935లో మోటారు సైకిలు ప్రమాదంలో తలకు గాయమై చనిపోయాడు. అతనికి చికిత్స చేసిన వైద్యులలో హ్యూ కెయిర్న్స్ అనే శస్త్రవైద్యుడు ఒకరు. ఆయన ఆ మరణంతో విషయాన్ని వదిలిపెట్టలేదు. మోటారు సైకిలు నడిపేవారి తల గాయాలను ఏళ్ళ తరబడి పరిశీలించి, శిరస్త్రాణం ప్రాణాన్ని ఎలా కాపాడుతుందో 1941లో ప్రకటించాడు. బ్రిటిష్ సైన్యం తన మోటారు సైకిలు దళానికి దానిని తప్పనిసరి చేసింది. ఈనాడు మన పిల్లల తల మీద ఉన్న హెల్మెట్టు వెనుక ఆ ఓపిక ఉంది.

మన దేశంలో ఆ ఓపిక అవసరం ఎంతో చూడండి. కేంద్ర ప్రభుత్వ లెక్కల ప్రకారం 2022లో రోడ్డు ప్రమాదాలలో 1,68,491 మంది మరణించారు. వారిలో 74,897 మంది ద్విచక్ర వాహనాల మీద ఉన్నవారు. మొత్తం మరణాలలో 61,038 జాతీయ రహదారుల మీదనే జరిగాయి.

ఇక మన మండలానికి వద్దాం. పోతిరెడ్డిపాడు తూముల వద్ద ఎన్ని క్యూసెక్కుల నీరు వెళుతున్నదో ఇంజనీర్లు కొలుస్తారు. మన దారి మీద శ్రీశైలం యాత్రికుల వాహనాలు, మిరప కోతకు కూలీలను ఎక్కించుకున్న ఆటోలు, వెనుక దీపం లేని ట్రాక్టర్లు, తారు మీద ఆరబోసిన మొక్కజొన్న, వీటి మధ్య నడిచి వెళ్ళే బడిపిల్లలు ఉంటారు. నీటిని కొలిచినంత శ్రద్ధగా ఈ ప్రవాహాన్నీ కొలవాలి. ఢిల్లీ ఐఐటీలో ఆచార్యుడుగా ఉండి 2021లో కన్నుమూసిన దినేష్ మోహన్ పాదచారులను, ద్విచక్ర వాహనదారులను దృష్టిలో పెట్టుకొని జీవితకాలం ఇటువంటి పనే చేశారు. మనిషి పొరబడినా ప్రాణం పోకుండా రోడ్డును నిర్మించాలన్న సూత్రాన్ని స్వీడన్ 1997లోనే జాతీయ విధానంగా స్వీకరించింది.

మన ఇళ్ళలో లారీ డ్రైవర్లు ఉన్నారు, మెకానిక్కులు ఉన్నారు, ఆటో నడిపేవారు ఉన్నారు. బ్రేకు ఎందుకు పడలేదో, డ్రైవరు ఎందుకు నిద్రపోలేదో ఆ ఇంటి బిడ్డకు తెలిసినట్లు మరొకరికి తెలియదు. ఆ బిడ్డ ఎం.టెక్ దాటి పరిశోధనకు వెళ్ళాలంటే ఐదేళ్ళు ఇంటికి సంపాదన లేకుండా గడవాలి. ఆ లోటును పూడ్చడానికే సచార్ కమిటీ నివేదిక తరువాత, 2009లో మౌలానా ఆజాద్ జాతీయ ఫెలోషిప్పు మొదలైంది. ముస్లింలతో సహా ఆరు మైనారిటీ మతాల విద్యార్థులకు అది వర్తించేది. అందులో 30 శాతం ఆడపిల్లలకు కేటాయించారు. 2014–15 నుండి 2021–22 వరకు 6,722 మంది ఎంపికయ్యారు.

2022 డిసెంబరు 8న లోక్‌సభలో కేంద్రం దీనిని 2022–23 నుండి నిలిపివేసినట్లు ప్రకటించింది. ఇతర ఫెలోషిప్పులు మైనారిటీ విద్యార్థులకూ వర్తిస్తున్నందున ఇది వాటికి పునరావృతమని కారణం చెప్పింది. ఈ వాదం నిలవదు. ఓబీసీ ఫెలోషిప్పు కేంద్ర జాబితాలో ఉన్న కులాలకే దక్కుతుంది. ఆ జాబితాలో లేని పేద ముస్లిం బిడ్డకు అది అందదు. ఒక విద్యార్థి ఒకేసారి రెండు సహాయాలు పొందకుండా చూడటానికి నిబంధన చాలు, పథకాన్నే ఎత్తివేయనక్కరలేదు.

ఖర్చు లెక్క కూడా వేద్దాం. రద్దు నాటికి మొదటి రెండేళ్ళు నెలకు 31,000 రూపాయలు, తరువాత 35,000 రూపాయలు ఇచ్చేవారు. ఇంటి అద్దె భత్యం కాక ఐదేళ్ళకు 20,04,000 రూపాయలు. ఢీకొట్టి పారిపోయిన వాహనం వల్ల మరణం సంభవిస్తే 2022 ఏప్రిల్ 1 నుండి చట్టప్రకారం ఇస్తున్న పరిహారం రెండు లక్షలు. అంటే అటువంటి పది మరణాల పరిహారంతో సుమారు ఒక పరిశోధకుణ్ణి ఐదేళ్ళు పోషించవచ్చు. అతని పని పది ప్రాణాలు నిలిపితే ప్రభుత్వానికి నష్టమేముంది?

దారిలో బాధ కలిగించే వస్తువును తొలగించడం విశ్వాసంలో భాగమని ప్రవక్త (స) బోధించారు. ఆనాడు అది ముల్లో, రాయో. ఈనాడు అది సరిగా కట్టని మలుపు, హెచ్చరిక లేని కూడలి. కంటికి కనబడని ఆ ముల్లును తీయాలంటే ముందు దానిని వెతికేవాడు కావాలి.

కనుక ఈ సభ ముందు మూడు ప్రతిపాదనలు ఉంచుతున్నాను. ఒకటి, ఆజాద్ ఫెలోషిప్పును పునరుద్ధరించాలని మన పార్లమెంటు సభ్యునికి వినతిపత్రం ఇద్దాం. రెండు, వాహనదారుల నుండి వసూలయ్యే జరిమానాలలో కొంత భాగాన్ని నంద్యాల జిల్లా రహదారులపై పరిశోధన చేసే విద్యార్థులకు, ఏ మతం వారైనా సరే, కేటాయించాలని రాష్ట్ర ప్రభుత్వాన్ని కోరుదాం. మూడు, ఆ రెండూ నెరవేరేవరకు కూర్చోకుండా, ప్రతి సంవత్సరం ఒక్క విద్యార్థికి నెట్ లేదా గేట్ పరీక్ష రుసుము, పుస్తకాలు, శిక్షణ ఖర్చు మనమే భరిద్దాం. పెళ్ళి విందులో ఒక వంటకం తగ్గిస్తే ఆ సొమ్ము సమకూరుతుంది.

వినతిపత్రం రాసి తెచ్చాను. సభ ముగిశాక గుమ్మం దగ్గర బల్ల మీద ఉంటుంది. చదివి, సరి అనిపిస్తే సంతకం చేయండి.