భయం ఉండగానే బండి నేర్చుకుందాం

(వార్షికోత్సవ మహిళా సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



"మీరు ఈ వయసులో కారు నేర్చుకున్నారు కదా, ఆ సంగతి చెప్పండి" అని నిర్వాహకులు అడిగారు. మేమంటే నలుగురు ఉపాధ్యాయినులం. నలభై అయిదు దాటాకే అందరం స్టీరింగు పట్టుకున్నాం. పుట్టు ధైర్యవంతులం ఎవరమూ కాము. చేతులు చెమటలు పడుతుండగా నేర్చుకున్నవాళ్లం. అందుకే భయపడేవాళ్లకు పనికొచ్చే మాటలు నాలుగు చెప్పగలమనుకుంటున్నాం.

ముందు అవసరం సంగతి చూద్దాం. మన కోనసీమ చుట్టూ గోదావరి పాయలే. అమలాపురం, రాజోలు వైపు వాళ్లం రైలెక్కాలంటే ఏరు దాటి రాజమండ్రికో పాలకొల్లుకో పోవాలి. ఆఖరి బస్సు వెళ్లిపోతే ఆటోయే దిక్కు. మన అబ్బాయిలు ఎంతోమంది కువైట్‌లో, దుబాయ్‌లో ఇళ్లల్లో డ్రైవర్లుగా పనిచేస్తున్నారు. అక్కడ వేరేవాళ్ల ఇంటి ఆడవాళ్లను ఆసుపత్రులకూ బజార్లకూ తిప్పుతారు. ఇక్కడ వాళ్ల డబ్బుతో కొన్న బండి షెడ్డులో ఉంటుంది. రాత్రి పన్నెండింటికి అత్తగారికి ఆయాసం వస్తే, తోలేవాడి కోసం కోడలు వీధిలో తలుపులు కొట్టాలి. సౌదీలో ఆడవాళ్లకు కారు నడిపే అనుమతి 2018 జూన్ 24 నుంచి వచ్చింది. మన దేశంలో చట్టం మనల్ని ఆపడం లేదు. లోపలి భయమే ఆపుతోంది.

ఆ భయాన్ని పిరికితనం అనకండి. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. దాని కాలవల గట్లే చాలాచోట్ల ఇవాళ మనకు రోడ్లు. ఒక పక్క నిండు కాలవ, ఇంకో పక్క బోదె. ఎదురుగా కొబ్బరి లోడు లారీ. కోతల రోజుల్లో సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోసి ఉంటుంది. గేదెలు తీరిగ్గా అడ్డం వస్తాయి. ఇవన్నీ తప్పించుకుని 216 నంబరు జాతీయ రహదారి ఎక్కితే అక్కడ వేగం. ఇలాంటి చోట భయం వేయడం సహజం. కాలవ లోతు తెలిసినవాళ్లకే జాగ్రత్త ఉంటుంది.

యెర్క్స్, డాడ్సన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1908లో ఎలుకల మీద ప్రయోగాలు చేశారు. వాటి నుంచి పుట్టిన సూత్రం బి.ఇడి. చదివినవాళ్లకు తెలిసే ఉంటుంది. కొంచెం ఉద్వేగం ఉంటే నేర్చుకోవడం బాగా సాగుతుంది, మరీ ఎక్కువైతే చెడుతుంది. పరీక్ష హాల్లో పిల్లల్లో మనం రోజూ చూసేదే. కాబట్టి భయం పూర్తిగా పోయాక నేర్చుకుందామని కూర్చోకండి. దాన్ని తగుమాత్రం చేసుకుంటే చాలు. అందుకు థార్న్‌డైక్ చెప్పిన మూడు అభ్యసన నియమాలు మాకు అక్కరకొచ్చాయి.

మొదటిది సంసిద్ధతా నియమం. ఆపి ఉన్న బండిలో, ఇంజను వేయకుండా, హ్యాండ్ బ్రేకు లాగి కూర్చోండి. క్లచ్ పూర్తిగా తొక్కినా మోకాలు కాస్త వంగి ఉండేలా సీటు ముందుకు జరుపుకోండి. అద్దాలు మీ ఎత్తుకు సరిచేసుకోండి. కిందికి చూడకుండా పాదం బ్రేకును వెతుక్కోవాలి. క్లచ్ తొక్కి గేర్లు మార్చడం చేతికి అలవాటు చేయండి. బుర్ఖా అంచు, చీర కుచ్చిళ్లు పెడళ్ల కిందికి పోకుండా సర్దుకోండి. జారే చెప్పులు వద్దు, మడమకు పట్టీ ఉన్నవి వేసుకోండి. స్కూటీ నేర్చుకునేవారు దుపట్టా కొసలు, బుర్ఖా అంచులు చక్రానికి అందకుండా గట్టిగా చుట్టుకోవాలి. చక్రం గుడ్డను లాగితే మనిషిని కూడా లాగుతుంది. తలగుడ్డ పైన కూడా ఐ.ఎస్.ఐ. హెల్మెట్ పెట్టుకోవచ్చు. పల్చటి గుడ్డ కట్టుకుని, దాని మీద సరిపోయే కొలత చూసి కొనుక్కోండి.

రెండోది అభ్యాస నియమం. కారు శిక్షణ కనీసం 21 రోజులు, అందులో బండి నడపడం కనీసం 10 గంటలు ఉండాలని కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు చెబుతాయి. శిక్షకుడి కాలి దగ్గర కూడా బ్రేకు ఉండే కారు ఉన్న స్కూలునే ఎంచుకోండి. భయస్తులకు ఆ రెండో బ్రేకు కొండంత అండ.

సరళం నుంచి సంక్లిష్టానికి అని మనం పాఠాలు చెప్పినట్టే ఇక్కడా మెట్లు కట్టుకోవాలి. ముందు ఖాళీ మైదానం. తర్వాత తెల్లవారుజామున వీధి. తర్వాత కాలవ గట్టు. ఆపైన అమలాపురం బజారు. హైవే, పెద్ద వంతెనలు ఆ తర్వాతే. సఖినేటిపల్లి రేవులో కారును పంటు మీదికి ఎక్కించడం అన్నిటికన్నా చివర. రోజుకు ఒక్క కొత్త పనే చేయాలి. ఆదివారం మూడు గంటలు తిరిగేకన్నా రోజూ అరగంట మేలు.

మొదటి రోజు క్లచ్ ఒక్కటే నేర్చుకోండి. మొదటి గేరులో పెట్టి, యాక్సిలరేటర్ ముట్టుకోకుండా, క్లచ్ మెల్లగా వదులుతూ రండి. ఒక చోట బండి సన్నగా వణికి తనంతట తాను కదులుతుంది. ఆ చోటు పాదానికి తెలిస్తే సగం భయం తీరినట్టే. మధ్యలో ఇంజను ఆగిపోతే సిగ్గుపడక్కర్లేదు. బ్రేకు తొక్కండి, క్లచ్ తొక్కండి, న్యూట్రల్‌లోకి తెచ్చి మళ్లీ స్టార్టు చేయండి. వెనకవాడి హారను వాడి తొందర, మీకు ఆర్డరు కాదు.

గట్టు మీద ఎదురు లారీ వస్తే కాలవ వైపు చూస్తూ ఉండిపోకండి. చూపు ఎటు పోతే చేతులు అటే పోతాయి. మీరు పోవాల్సిన దారినే చూడండి. వేగం తగ్గించండి. ఇరుకు వంతెన ఉంటే ఇవతలే ఆగి, వాళ్లను ముందు రానివ్వండి. ఆగడం కూడా డ్రైవింగే.

మూడోది ఫలిత నియమం. సంతోషం ఇచ్చిన పని మళ్లీ చేయాలనిపిస్తుంది, తిట్లు తెచ్చిన పని మీద మనసు పోదు. ఇది పక్క సీట్లో కూర్చునేవారికి చెబుతున్నాం. ఎల్.ఎల్.ఆర్. మీద నడిపేటప్పుడు నేర్పేందుకు లైసెన్సు ఉన్న మనిషి పక్కన ఉండాలి. ముందూ వెనకా తెల్ల పలక మీద ఎర్రటి 'ఎల్' ఉండాలి. ఇది నిబంధన. ఆ పక్క మనిషిగా ఇంట్లో బాగా తోలేవారి కన్నా నిదానస్తుణ్ణి ఎంచుకోండి. మలుపులో కేకలు వేసే భర్త కన్నా, మలుపుకు ముందే "వేగం తగ్గించమ్మా" అని మెల్లగా చెప్పే తమ్ముడు నయం. అన్నలారా, మియా సాబులారా, మీ అరుపు బండిని ఆపదు, ఆమె కాలిని మాత్రం బిగదీస్తుంది. మాలో ఒకావిడ రోజూ రాత్రి చిన్న పుస్తకంలో ఆనాడు బాగా కుదిరిన పని ఒక్కటి రాసుకునేవారు. నెల తిరిగేసరికి ఆ పుస్తకమే ఆవిడకు ధైర్యం చెప్పింది.

ఎల్.ఎల్.ఆర్. 6 నెలలు చెల్లుతుంది. తీసుకున్న 30 రోజుల తర్వాత డ్రైవింగు పరీక్షకు వెళ్లవచ్చు. 31వ రోజునే వెళ్లి తీరాలని ఎవరూ అనలేదు. కుదురు వచ్చాకే వెళ్లండి. పరీక్ష తప్పితే మళ్లీ ఇవ్వవచ్చు. పదో తరగతి తప్పిన పిల్లలకు మనం చెప్పే మాటే మనకూ వర్తిస్తుంది. లైసెన్సు చేతికొచ్చాక కూడా మొదటి నెల చీకట్లో, జడివానలో గట్టు మీదికి పోకపోవడం మంచిది. ఫోను మోగితే బండి ఆపే మాట్లాడండి. భయం తగ్గినా జాగ్రత్త తగ్గకూడదు.

ఇప్పుడు మాలో ఒకరు తల్లిని కాకినాడ పెద్దాసుపత్రికి తామే తీసుకెళ్తున్నారు. ఇంకొకరు కూతుర్ని కాలేజీకి దింపి బడికి వస్తున్నారు. యానాం–ఎదుర్లంక వంతెన మీద లారీ పక్కగా పోతే ఇప్పటికీ గుండె ఒక్కసారి గట్టిగానే కొట్టుకుంటుంది. చేతులు మాత్రం తమ పని తాము చేస్తున్నాయి. మేము ఆత్మవిశ్వాసం అంటున్నది దాన్నే.

ఈ సాయంత్రం ఇంటికి వెళ్లాక, షెడ్డులో ఉన్న బండి తలుపు తీసి పది నిమిషాలు కూర్చోండి. తాళం తిప్పకండి. సీటు జరుపుకోండి, అద్దాలు చూసుకోండి, పాదంతో బ్రేకు వెతకండి. మొదటి పాఠం అయిపోయినట్టే. రెండో పాఠానికి తోడు కావాలంటే మేము నలుగురం ఉన్నాం.

సెలవు. ఖుదా హాఫిజ్.