కిడ్నీ చెడితే గుండెకు ముప్పు



డయాలిసిస్ చేయించుకుంటున్న తోటి కార్మికుడు హఠాత్తుగా పోతే "కిడ్నీలు పాడయ్యాయి కదా, అందుకే" అనుకుంటాం. నిజానికి డయాలిసిస్ రోగులను ఎక్కువగా బలిగొనేది గుండెజబ్బు. మన షోలాపూర్ సాంచా కార్మికులకు ఈ సంగతి తెలియాలనే ఈ నాలుగు మాటలూ చెబుతున్నాం.

పప్పు, పాలు, మాంసం అన్నింటిలో ఫాస్ఫరస్ ఉంటుంది. ఒంటికి అక్కర్లేనిదాన్ని బయటికి పంపేది కిడ్నీ. అది పనిచేయకపోతే ఫాస్ఫరస్ రక్తంలోనే నిలిచిపోతుంది. మెడలోని పారాథైరాయిడ్ గ్రంథులు రెచ్చిపోయి ఎముకల్లోని కాల్షియాన్ని లాగుతాయి. ఎముక గుల్లబారుతుంది, రక్తనాళాల గోడలు గట్టిపడతాయి.

సైజింగు ఖాతా వాళ్ళకు బాయిలరు గొట్టాల లోపల కట్టే సున్నపు పొర తెలుసు. ఇది అచ్చంగా అలాంటిది కాదు. కిడ్నీ రోగులకు గొట్టం లోపలే కాదు, గోడ మధ్య పొరలోనూ సున్నం దిగుతుంది. అక్కడి కండర కణాలే ఎముక కణాల తీరుకు మారతాయి. దారి మూసుకుపోకపోయినా, సాగాల్సిన రబ్బరు గొట్టం ఇనుప గొట్టమవుతుంది. దానిలోకి రక్తాన్ని నెట్టీ నెట్టీ గుండె కండరం మందమై, చివరకు అలసిపోతుంది.

ఇదేదో ముసలివాళ్ళ జబ్బు అనుకోకండి. 2000లో అమెరికాలోని లాస్ ఏంజెలెస్ డాక్టర్లు ప్రకటించిన పరిశీలనలో, డయాలిసిస్ మీదున్న 20-30 ఏళ్ళవారు 16 మందిలో 14 మందికి గుండె ధమనుల్లో సున్నం కనిపించింది. అదే వయసు ఆరోగ్యవంతులు 60 మందిలో ముగ్గురికే!

ఫాస్ఫరస్‌ను పట్టి ఉంచే మాత్రలు అన్నంతో పాటు మింగితేనే పనిచేస్తాయి. నైట్ షిఫ్టులో టిఫిన్ డబ్బా విప్పేటప్పుడు మాత్ర ఇంట్లో ఉంటే ఏం లాభం? డబ్బాలోనే పెట్టి పంపమని ఇంట్లో చెప్పండి. కాల్షియం మాత్రలు మాత్రం సొంతంగా కొని మింగవద్దు. నల్ల కూల్‌డ్రింకులు, ప్యాకెట్ తిండిలో కలిపే ఫాస్ఫేటు పప్పులో ఉన్నదానికంటే ఎక్కువగా ఒంట పడుతుంది.

అసలు చిక్కు డయాలిసిస్ మానేయడంలో ఉంది. సాధారణంగా వారానికి మూడుసార్లు, సారికి నాలుగు గంటలు పడుతుంది. మధ్యలో రెండు రోజుల ఖాళీ వచ్చినప్పుడే మరణాలు పెరుగుతున్నట్టు 2011లో అమెరికాలో లెక్క తేలింది. పీసు రేటు మీద బతికేవాడు మీటరు లెక్క చూసుకుని ఒక వాయిదా వదిలేస్తున్నాడంటే తప్పు అతనిదా? డయాలిసిస్ రోజులను బట్టి షిఫ్టు మార్చాలి, ఆ గైర్హాజరుకు పని నుంచి తీసేయరాదు అని యాజమాన్యాలను అడుగుతున్నాం.

అలాంటివారు ఎవరున్నా వచ్చే చర్చలలోపు మన కమిటీకి చెప్పండి. పేరు బయటపెట్టం, ఏయే రోజుల్లో వెళ్ళాలో రాసివ్వండి చాలు.