మా ఇంటి పెట్టె, అయ్యవారి పెట్టె



ఇందాక ప్రార్థనకు ముందు నేను హార్మోనియం ముందర ఐదు నిమిషాలు ఊరికే కూర్చున్నానని కొందరు విసుక్కున్నారు. ఎందుకో చెబుతాను.

మా చిన్నప్పుడు అనంతపురంలో హార్మోనియం అంటే పద్యనాటకమే. బళ్లారి రాఘవ పుట్టిన తాడిపత్రి మన జిల్లాదే కదా! మా అయ్యవారు నాటకాలకు వాయించేవారు. ఆయనది కాళ్లతో తొక్కే పెట్టె, రెండు చేతులూ మెట్ల మీదే ఉంటాయి. మా ఇంట్లో ఉన్నది నాయన పాతదిగా కొన్న చేతిపెట్టె. ఎడమచేత్తో తిత్తి కొడుతూ కుడిచేత్తో వాయించాలి. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కూడా నమ్మకం లేని ఊరు మనది. ఆ ఎండకు చెక్క ఎండి మెట్లు వదులయ్యేవి. దుమ్ము చేరి కొన్ని నొక్కితే పైకి లేచేవి కావు.

ఇంట్లో తప్పు లేకుండా వచ్చిన పాఠం అయ్యవారి ముందర తడబడేది. ఆయన మెట్లు బిగువు, లోతెక్కువ. "సాధన చేయడంలేదురా నువ్వు" అనేవారు. మూడు ఆదివారాలు ఇదే మాట. ఇక పోనని ఇంట్లో చెప్పేశాను. నాయన పెట్టె అమ్మేస్తానన్నారు.

ఆ సంగతి తెలిసి అయ్యవారు, "మీ పెట్టె ఎత్తుకొని రా" అన్నారు. సైకిల్ క్యారియర్‌కు కట్టుకొని పోయాను. ఆయన దానిమీద వాయించబోయి రెండో వరసలోనే తప్పారు! నవ్వి, "నీ వేళ్లది కాదులేరా" అన్నారు.

ఇంట్లో మొరాయించే మెట్లను గుద్ది గుద్ది నాకు గట్టిగా నొక్కడం అలవాటైంది. హార్మోనియంలో ఎంత గట్టిగా నొక్కినా శబ్దం పెరగదు, అది గాలిలో ఉంది. కొత్త పెట్టె ముందర కూర్చుంటే మొదట ఒక్క షడ్జమం పట్టి, మెట్టు ఎంత దిగితే పలుకుతుందో వినమన్నారు. పాఠం ఆ తర్వాతే.

ఇప్పుడు బెంగళూరులో మా మనవరాలిదీ ఇదే బాధ. ఇంట్లో చిన్న కీబోర్డు, టీచరుగారింట్లో పియానో. పియానోలో లోపలి సుత్తి తీగను కొడుతుంది. వేలు ఎంత వేగంగా దిగితే అంత శబ్దం. మెట్టు దాదాపు 10 మిల్లీమీటర్లు దిగాలి, కదలడానికే 50 గ్రాముల బరువు కావాలి. స్ప్రింగు మెట్లకు అలవాటైన వేళ్లు అక్కడ అలిసిపోతాయి. పోయిన నెల ఏడ్చింది. పది నిమిషాలు ముందుగా పోయి, ఆ పియానోను మెల్లగా తాకి చూసుకోవడానికి అనుమతి అడగమన్నాను. నాకు పియానో రాదు, అంతకన్నా ఏం చెప్పను? టీచరుగారు ఒప్పుకున్నారట.

నేటి హార్మోనియం అద్దెది. ఒక మెట్టు ఆలస్యంగా పలుకుతోంది. ఆ ఐదు నిమిషాల్లో తెలిసింది అదే. అందుకే ప్రార్థనను ఒక శ్రుతి దించి వాయించాను. చెప్పకుండా దించినా సర్దుకొని పాడిన ఆడపిల్లలకు నా కృతజ్ఞతలు.